నలభై ఎనిమిది సెకన్లు

ఆ ఆస్పత్రిలో ఆవిడకు హోదా అంటూ ఏదీ లేదు గాని, పేరు మాత్రం ఉంది: సర్వరమ్మ. గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టాడా పేరు. భూమి లోపలి అంతస్తులో, లిఫ్టు మోటారుకీ విరిగిన మంచాలు పడేసిన గదికీ మధ్య ఇరుకు గదిలో, ఏసీ చలికి ఎండాకాలం కూడా స్వెటరు వేసుకుని నల్లటి సర్వరు పెట్టెల ముందు కూర్చునే మనిషికి అంతకన్నా ఏం పేరు పెడతారు? "సర్వరమ్మ శాంతంగా ఉందా ఇవాళ?" అని అతను అడిగేవాడు. "ఉందిలే, నువ్వు కదపకు" అని నవ్వుతూ మెట్లు దిగేది ఆవిడ. అలా తొమ్మిదేళ్ళు దిగింది. తొమ్మిదేళ్ళూ కాంట్రాక్టు మీదే.

వచ్చిన ప్రతి రోగి పేరూ, పరీక్షా, మందూ, మంచం నంబరూ ఆ పెట్టెల్లోని డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని కంటికి రెప్పలా కాచుకోవడం ఆవిడ ఉద్యోగం. అందులో ఒక దిక్కుమాలిన చిక్కుంది. సరిగ్గా చేస్తే అసలు చేసినట్టే కనపడదు. కుళాయి తిప్పగానే నీళ్ళొచ్చే ఇంట్లో పంపు ఆపరేటరును ఎవరు తలుచుకుంటారు?

ఆ ఏడు పర్మనెంటు పోస్టు పడింది. ఒక్కటే. నలభై అయిదు నిండినవాళ్ళకు అర్హత లేదన్నారు. ఆవిడకు నిండటానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. అంటే ఇప్పుడు రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

పోటీకి ఉన్నది అవతలి బ్లాకులో ల్యాబు సర్వరు చూసే అతను. అందరూ అతన్ని హీరో అంటారు. కిందటేడు తన డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కి మార్చబోయి ముప్ఫై ఒక్క గంటలు ల్యాబును పడుకోబెట్టాడు. నర్సులు రిపోర్టులు చేత్తో రాసుకుని మెట్లమీద పరుగులు తీశారు. అతను ఇంటి ముఖం చూడకుండా, గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, ఎలాగో దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. మర్నాడు అతని ఫోటో నోటీసు బోర్డెక్కింది. తన చేత్తో అంటించిన కొంపను తానే ఆర్పినందుకు ఫోటో! ఒళ్ళు మండదూ?

ఇప్పుడు ఆవిడ వంతొచ్చింది. పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు రావు, మార్చక తప్పదు. కానీ ఆవిడ చేతిలో ఉన్నది ఎమర్జెన్సీ కౌంటరు. దాన్ని గంటల తరబడి ఆపడం కుదరదు. అందుకని లాజికల్ రెప్లికేషన్ పద్ధతి ఎంచుకుంది. చెప్పడానికి తేలికే. పాత సర్వరు తన పాటికి తాను నడుస్తూనే ఉంటుంది. పక్కన కొత్త వెర్షన్‌తో ఇంకో సర్వరు పెట్టి, ఉన్నదంతా ఒకసారి నకలు తీస్తారు. ఆ తరవాత పాతదాంట్లో పేరు చేరినా, మంచం మారినా, ఆ మార్పు వెంటనే కొత్తదాంట్లోకీ వచ్చేస్తుంది. రెండూ సమానమయ్యాక కాసేపు అందరినీ ఆపి, దారి కొత్త సర్వరు వైపు తిప్పాలి.

చేయడంలోనే ప్రాణం పోయింది. రెండు నెలలు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చుంది. వార్డు మార్పుల పట్టికలో ఏ వరుస ఏదో గుర్తుపట్టే కీ అన్నదే లేదు, ఎవరో మహానుభావుడు పెట్టకుండానే చక్కాపోయాడు. కీ లేకపోతే ఏ వరుసను మార్చాలో కొత్త సర్వరుకు తెలియదు. అది సరిచేసింది. మొత్తం తంతును ఏడుసార్లు ఉత్తుత్తిగా నడిపి చూసుకుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక రోగుల రాక పలచబడుతుందని మూడేళ్ళ లెక్కలు తీసి మరీ తేల్చుకుంది.

అన్నిటికన్నా మాయదారి సంగతి ఇంకోటుంది. తరవాత వచ్చే రోగికి ఏ నంబరివ్వాలో గుర్తుపెట్టుకునే వాటిని సీక్వెన్సులంటారు. రెప్లికేషన్ అన్నీ మోసుకొస్తుంది గాని వీటిని మోసుకురాదు. కొత్త సర్వరులో అవి ఒకటి దగ్గరే కూర్చుని ఉంటాయి. చేత్తో ముందుకు జరపాలి. జరపకపోతే కొత్త రోగికి ఒకటో నంబరివ్వబోయి, ఆ నంబరు ముందే ఉందంటూ సిస్టం మొరాయిస్తుంది. కౌంటరు కొయ్యబారిపోతుంది.

శుక్రవారం భోజనాల దగ్గర ఈ సంగతి భర్తకు చెప్పింది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు.

"మరిచిపోతే సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"ఎంతసేపండీ, ఒక్క నిమిషం."

"అయితే మరిచిపో."

"అవేం మాటలు?"

"ఓ పది నిమిషాలు మరిచిపో. అందరూ లబోదిబోమంటూ నీ గదికి వస్తారు. అప్పుడు గుర్తుతెచ్చుకో. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా నువ్వున్నావని తెలియనీ వాళ్ళకి."

అత్తగారు కంచంలోంచి తలెత్తింది. "వాడన్నదాంట్లో తప్పేముందే? నీకు బతకడం చేతకాదు."

ఆ మాట ఆవిడ బుర్రలో తిష్ఠ వేసింది.

ఆదివారం రెండు గంటల పన్నెండు నిమిషాలకు పాత సర్వరులోకి కొత్త వివరాలేవీ ఎక్కకుండా ఆపింది. చివరి మార్పు కూడా కొత్తదాంట్లోకి వచ్చిందని చూసుకుంది. ఇక సీక్వెన్సులు జరపాలి. రెండువందల పద్నాలుగింటినీ ఒక్కసారే జరిపే కమాండు ముందే రాసిపెట్టుకుంది, ఎంటర్ నొక్కడమే. చెయ్యి ఆగిపోయింది. నోటీసు బోర్డు మీద ఫోటో గుర్తొచ్చింది. నాలుగు నెలలు గుర్తొచ్చాయి. పది నిమిషాలకు ఎవరి కొంపా మునగదులే అనిపించింది. ఎదురుగా తెర మీద కౌంటరు నుంచి చేరిన ఆఖరి పేరు అలాగే ఉంది. ఎనిమిది నెలల పాప, జ్వరం, ఫిట్స్. ఈ పాప దాటింది సరే, వెనకాల ఎవరిని ఎత్తుకుని ఎవరు నిలబడ్డారో? ఆవిడకు తనమీద తనకే రోత పుట్టింది. ఎంటర్ నొక్కింది. దారి తిప్పింది.

కౌంటరు ఆగింది మొత్తం నలభై ఎనిమిది సెకన్లు. అందులో పదకొండు ఆవిడ తటపటాయించినవి. పైన కౌంటరులో గుమాస్తా, "ఏంటిది, కాస్త నెమ్మదించింది" అనుకుంటూ ఇంకోసారి మీట నొక్కాడు. అంతే. ఆస్పత్రిలో ఇంకెవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

తరవాతి వారం ఇంటర్వ్యూ. బల్లకు అటువైపు సూపరింటెండెంటు, పరిపాలనాధికారి, బయటి కాలేజీ నుంచి వచ్చిన ప్రొఫెసరు కూర్చున్నారు. అధికారి చేతిలో మార్కుల కాగితం ఉంది.

"మీ సర్వీసులో ఎదుర్కొన్న పెద్ద ఆపద చెప్పండి. దీనికి పాతిక మార్కులు."

ఆవిడ ఆలోచించింది. తొమ్మిదేళ్ళూ వెతుక్కుంది. "అలాంటిదేదీ రాలేదండి" అంది.

"రాలేదా? పోనీ సిస్టం ఎప్పుడైనా ఆగిందా?"

"మొన్న ఆదివారం వెర్షన్ మార్చేటప్పుడు ఆగిందండి. నలభై ఎనిమిది సెకన్లు."

సూపరింటెండెంటు ఆశ్చర్యపోయాడు. "మార్చేశారా? నాకు తెలియనే లేదే."

"తెలియకూడదనే అలా చేశానండి."

ప్రొఫెసరు ఒక్కడే పెన్ను కిందపెట్టి ఆవిడ వంక చూశాడు. ఏదో అనబోయాడు గాని, అధికారి అందుకున్నాడు. "తెలియనిదానికి మార్కులెలా వేయమంటారమ్మా?" గడిలో చిన్న గీత గీసి, తరవాతి వాళ్ళని పిలవమన్నాడు.

పోస్టు హీరోకి వచ్చింది. ముప్ఫై ఒక్క గంటల కథ అరగంట చెప్పాడట, పాతికకి ఇరవై నాలుగు వేశారట. పాపం, అతను చెడ్డవాడు కాదు. కిందికొచ్చి, "ఇది మీకు రావాల్సిందక్కా" అని తల దించుకున్నాడు. ఆవిడ "పోనీలే" అంది. ఆ మాట తెర వైపు తిరిగి అంది, అతని మొహం చూడలేదు.

రెండు రోజులకు పరిపాలనాధికారి దగ్గర నుంచి ఆవిడ పేర మెమో దిగింది. ఫలానా ఆదివారం మధ్యాహ్నం ఎమర్జెన్సీ సేవలు నలభై ఎనిమిది సెకన్లు నిలిచిపోయినట్టు ఇంటర్వ్యూలో మీరే అంగీకరించియున్నారు, కాంట్రాక్టు పొడిగింపును పరిశీలించుటకు ముందు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వగలరు, అని.

ఆవిడ మెమోను రెండుసార్లు చదివింది. తెల్లకాగితం తీసుకుంది. ఎందుకు ఆపాల్సి వచ్చిందో, ఎంత తక్కువలో ఆపిందో రెండు పేజీలు రాయొచ్చు. రాయబుద్ధి కాలేదు. ఒక్క ముక్క రాసి సంతకం పెట్టింది.

"ఆపిన మాట నిజమే. ఇకమీదట చెప్పను."