రాషిద్ ఆట చూడటానికి అబుదాబి వెళ్ళాను

కిందటి జనవరిలో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకి రస్ అల్ ఖైమా బస్ స్టేషన్‌లో దుబాయ్ టికెట్ తీసుకున్నాను. ఇరవై ఏడు దిర్హాములు. ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళయింది కానీ ఒక్కదాన్నే బస్సెక్కడం అదే మొదటిసారి. ఎక్కడికైనా వెళ్ళాలంటే మా కఫీల్ గారి, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని గారి డ్రైవరే దింపేవాడు. ఆ రోజు అతను ఆ ఇంటి పెద్దామెను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. "మూడు రోజులు సెలవిస్తాను, బస్సులో వెళ్ళగలవా?" అని మా యజమానురాలు అడిగితే వెళ్ళగలనన్నాను. మాది రాజోలు దగ్గర పల్లె. లంకల్లో పడవలు మారి బడికెళ్ళినదాన్ని, బస్సులు మారలేనా అనుకున్నాను.

వెళ్ళింది రాషిద్ ఆట చూడటానికి. రాషిద్ నేను పనిచేసే ఇంటి అబ్బాయి, పోటీ కోసం తన కారులో ముందే వెళ్ళిపోయాడు. నేను వంటకి చేరినప్పుడు వాడికి ఆరేళ్ళు. తెలుగులో వాడు నేర్చుకున్న మొదటి మాట 'ఆకలి'. ఇప్పటికీ నన్ను సత్యమ్మా అనే పిలుస్తాడు.

వాడాడేది తెరమీద ఇద్దరు కొట్టుకునే ఆట. ఒళ్ళో బటన్ల పెట్టె పెట్టుకుని, కళ్ళు ఆర్పకుండా ఆడతారు. పిల్లల కాలక్షేపమే అనుకునేదాన్ని. పద్దెనిమిదేళ్ళప్పుడు దుబాయ్‌లో జరిగిన పెద్ద పోటీలో మూడో స్థానం తెచ్చుకున్నాడు. ఒక విదేశీ జట్టు నెల జీతం ఇస్తాం, చేరమంది. ఆ కాగితాల మీద సంతకం పెట్టకముందే పన్నెండో తరగతి ఫలితాలొచ్చాయి, వెనకే సైన్యంలో చేరమని కబురొచ్చింది. ఇక్కడి మగపిల్లలందరూ చెయ్యాల్సిందే. వాడికి పదకొండు నెలలు.

జట్టువాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఈ సీజన్‌కి ఆడేవాడు కావాలి, అన్నాళ్ళు ఖాళీ ఉంచలేం అన్నారు. చదువు పేరు చెప్పి వాయిదా అడగమని స్నేహితులు సలహా ఇచ్చారు. "నా క్లాసు వాళ్ళందరూ వెళ్తున్నారు, నేనొక్కణ్ణీ ఎందుకు ఆగాలి?" అన్నాడు. వెళ్ళేముందు ఆ బటన్ల పెట్టెని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు. నేను చూశానని వాడికి తెలియదు.

తొమ్మిది కావస్తుండగా దుబాయ్‌లో డేరా అనే పేటలో యూనియన్ స్టేషన్ దగ్గర దిగాను. సందులో ఒక తెలుగు మెస్‌లో రెండిడ్లీ, టీ కలిపి ఎనిమిది దిర్హాములు. మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె వేరే ఉంటుంది, వెళ్ళేవాళ్ళు అక్కడే నిలబడండి. ఇబ్న్ బతూతా స్టేషన్ దాకా గంటకి పైనే పట్టింది. అక్కడ అబుదాబి శివారు ముసఫ్ఫా వైపు వెళ్ళే బస్సు పదకొండుకి దొరికింది. ఇరవై ఐదు దిర్హాములు, మెట్రో కార్డులోంచే పోతాయి.

వెనక సీట్లో కూర్చున్నాయన నా ఫోన్ మాటలు విని పలకరించాడు. పేరు గంగారాం, జగిత్యాల వైపు. సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటాడు, కాంక్రీటుకి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటరు. బామ్మర్దిని చూడటానికి పోతున్నాడు.

"నువ్వెందుకు పోతున్నవక్కా?" అన్నాడు. చెప్పాను.

"ఆటకు జీతమిస్తరా?"

"ఇస్తారు తమ్ముడూ. మధ్యలో మిలట్రీకి వెళ్ళొచ్చాడు. ఆ ఉద్యోగం పోయింది."

"నేను రెండేండ్లకోపారి ఊరికి పోయి రెండు నెలలుండి వస్త. వచ్చినంక వారం దాక సుత్తె సరిగ్గ పడది. పదకొండు నెలలంటే శానక్కా. కానీ చెయ్యి మర్శిపోదు. జర యాదికి తేవాలె, గంతే."

నేను ఇన్నాళ్ళు రాషిద్‌కి చెప్పలేకపోయిన మాట ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

మధ్యాహ్నానికి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా పిన్ని కూతురు లక్ష్మి ఇంటికి చేరాను. రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను. లక్ష్మి వాళ్ళాయన టాక్సీ మాట్లాడి, ముప్ఫై ఐదు దిర్హాములవుతుందని డ్రైవర్‌తో చెప్పించుకుని మరీ ఎక్కించాడు.

పోటీ జరిగే హాలు పెళ్ళిమండపం కన్నా నాలుగింతలుంది. గేటు దగ్గర నేపాలీ గార్డు నా చీర చూసి, "ఎవరితో వచ్చారు?" అని హిందీలో అడిగాడు.

"మా అబ్బాయి ఆడుతున్నాడు," అన్నాను.

అతను నన్నూ, లోపల పొడవాటి తెల్ల అంగీ, కందూరా, వేసుకున్న కుర్రాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. ఇంకేం అడగకుండా తలుపు తీశాడు.

వందమందికి పైగా ఆడుతున్నారు. ఒకసారి ఓడితే ఇంకో అవకాశం ఉంటుంది, రెండోసారి ఓడితే ఇంటికే. ఈ లెక్క నాకు రాషిద్ ఎప్పుడో చెప్పాడు. వాడు సైన్యం క్యాంపులో ఉండగా ఆట కొత్త రూపంలో వచ్చింది. పాత ఎత్తులు చాలావరకు పనికిరావు. తిరిగొచ్చాక నాలుగు నెలలు గదిలో కూర్చుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. వాళ్ళ నాన్న ఒక్క మాటే అన్నారు: "జనవరి దాకా చూడు. తర్వాత నాతో ఆఫీసుకి రా." కొడుకు సైన్యం శిక్షణ ముగించిన రోజు పరేడ్‌కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్న మనిషే ఆయన. ఆట మాటెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవారు.

పదిన్నరకి మొదటి ఆట. ఐదు నిమిషాల్లో ఓడిపోయాడు.

వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. డబ్బా మూత తీసి ఇచ్చాను. నాలుగు ముద్దలు తిన్నాడు.

"చేతులు వణికాయి సత్యమ్మా. తుపాకీ పట్టినప్పుడు కూడా వణకలేదు."

"అక్కడ నీ పక్కన అందరూ ఉన్నారు బాబూ. ఇక్కడ ఒక్కడివే ఆడాలి కదా, వణుకుతాయి. తిను."

"ఇంకోటి ఓడితే ఖలాస్."

"ఓడితే ఇద్దరం కలిసే ఇంటికెళ్దాం. ముందది తిను."

డబ్బా ఖాళీ చేసి వెళ్ళాడు. తర్వాత వరసగా ఐదు గెలిచాడు. నాకు ఆట ఎత్తులు తెలియవు కానీ వాడు తెలుసు. పూర్వం దెబ్బ తగిలితే కుర్చీలో ముందుకి ఒరిగిపోయి, కోపంతో మీదపడిపోయేవాడు. ఇప్పుడు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. దెబ్బలు తింటూ ఆగాడు. ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగి, అప్పుడు కొట్టాడు. ఈ ఆగడం నేను పెంచిన పిల్లాడికి రాదు. పదకొండు నెలల్లో నేర్చుకొచ్చాడు.

నాలుగింటికి ఏడో ఆట. ఇది గెలిస్తే చివరి ఎనిమిది మందిలో ఉంటాడు. ఎదుటివాడు హమద్, పద్దెనిమిదేళ్ళవాడు, పొద్దుటినుంచి అందరూ వాడి గురించే మాట్లాడుకుంటున్నారు. మూడింట రెండు గెలవాలి. తలా ఒకటి గెలిచారు. మూడోదాంట్లో రాషిద్ బొమ్మకి ప్రాణం గోరంత మిగిలింది. నేను చీర కొంగు నోట్లో పెట్టుకున్నాను. హమద్ తొందరపడి మీదికి దూకాడు. రాషిద్ పక్కకి తప్పుకుని వరసగా కొట్టాడు. అయిపోయింది. హాలంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను, ఎందుకో ఏడుపొచ్చింది.

హమద్ కుర్చీలోంచి లేవలేదు. రాషిద్ తన కుర్చీ వాడి పక్కకి లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళ అరబ్బీ నాకు బాగానే అర్థమవుతుంది.

"ఇంకో రెండు వారాల్లో నేను సైన్యంలో చేరాలి," అన్నాడు హమద్. "ఇదే నా చివరి పోటీ. వచ్చాక ఏమీ మిగలదంటున్నారు అందరూ. నిజమేనా?"

"కొంత నిజమే. వేళ్ళు మరచిపోతాయి. నీ స్థానంలోకి ఇంకొకడు వస్తాడు. నాకూ అలాగే అయింది."

"మరి?"

"ఓడిపోతున్నప్పుడు కదలకుండా కూర్చోవడం వస్తుంది. నిన్నిప్పుడు దానితోనే గెలిచాను. సెలవు దొరికినప్పుడల్లా మా ఇంటికి రా, ఆడదాం. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు."

హమద్ తలూపి, రాషిద్ నంబరు ఫోన్లో రాసుకున్నాడు.

ఆ తర్వాతి ఆటలో రాషిద్ ఓడిపోయాడు. అయినా ఎనిమిది మందినీ వేదిక మీదికి పిలిచి ఒక్కొక్కరి పేరూ చదివారు. పేరుతోపాటు ఊరు కూడా చదివారు. రస్ అల్ ఖైమా అన్నప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. దిగాక ఇక్కడి జట్టు మేనేజరొకాయన వచ్చి, వచ్చే నెలనుంచి మూడు నెలలు తమతో ఆడి చూడమన్నాడు. రాషిద్ నా వైపు చూసి, తెలుగులో "ఆకలి" అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి లక్ష్మి ఇంటికొచ్చి నన్ను తన కారులో ఎక్కించుకున్నాడు. దుబాయ్ దాటుతుండగా వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. కారులో స్పీకరు మోగింది.

"ఎలా జరిగింది?"

"చివరి ఎనిమిదిలో ఉన్నాను నాన్నా. ఒక జట్టు మూడు నెలలు చూస్తామంది."

"సత్య ఉందా పక్కన?"

"ఉన్నాను బాబా," అన్నాను.

"నువ్వు చూశావు కదా. మొదటినుంచి చెప్పు."

ఓడిన మొదటి ఆటనుంచి మొదలుపెట్టాను. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, పప్పు, పొయ్యి, పెద్దామె మందులు, వీటికి సరిపోతుంది కానీ యుద్ధానికి చాలదు. మాట దొరకనప్పుడు రాషిద్ అందించబోయాడు. "నువ్వు బండి నడుపు, ఆమెను చెప్పనీ," అన్నారాయన. చేతులు వణికాయని చెప్పాను. దెబ్బలు తింటూ ఆగాడని చెప్పాను. గోరంత ప్రాణంతో గెలిచాడని, ఓడినవాడి పక్కన కూర్చున్నాడని చెప్పాను. నేను ఆగినప్పుడల్లా ఆయన "తర్వాత?" అంటూనే ఉన్నారు. షార్జా దాటింది, ఉమ్ అల్ కువైన్ దాటింది. రాషిద్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు, కానీ వాడి చెంప తడిసింది.

పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో నన్ను ఏం వండావని అడిగారు, పిల్లలు తిన్నారా అని అడిగారు. వాళ్ళ అబ్బాయి ఎలాంటివాడయ్యాడని అడగడం అదే మొదటిసారి. ఇల్లు కనిపించేదాకా చెబుతూనే ఉన్నాను.