పరీక్షకు పది రోజుల ముందు మా వదిన

మా అన్నయ్య భార్య దర్జీ. వీధివైపు గదిలో ఆమె మిషను, పక్కనే గుండీలు కుట్టే నా కుర్చీ. కొలతలకొచ్చినవాళ్లు పొట్ట బిగబడితే వదిన ఊరుకోదు. ఊపిరి వదిలితేగాని టేపు పట్టదు. అలాంటి మనిషి థైరాయిడ్ రక్తపరీక్ష దగ్గరికొచ్చేసరికి తనే పొట్ట బిగబడుతుంది.

రోజూ పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర వారానికి మూడు రోజులు వేసుకుంటే గొప్ప. పరీక్ష పది రోజులుందనగా మాత్రం భక్తి ముంచుకొస్తుంది. తెల్లవారకముందే అలారం పెట్టుకుని లేచి మింగుతుంది. ఏడాదంతా పుస్తకం ముట్టని పిల్లల్లా ఈ బట్టీ ఏమిటని నేను ఏడిపిస్తుంటాను.

పోయినసారి అది బెడిసికొట్టింది. పది రోజుల మాత్రలు నెలల లోటును పూడ్చలేదు, మందు చాలకపోతే పెరిగే టీఎస్‌హెచ్ ఎక్కువే వచ్చింది. రోజూ వేసుకుంటున్నానని వదిన నమ్మబలకడంతో డాక్టరమ్మ మోతాదు పెంచింది. భయపడి దాన్ని నెల్లాళ్లు తప్పకుండా వేసుకుంటే గుండెదడ, చేతుల వణుకు పట్టుకున్నాయి. సూదిలోకి దారం ఎక్కలేదు. ఒక పెళ్లి గౌను చేయి వంకరపోతే ఇద్దరం విప్పి మళ్లీ కుట్టాం. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత వదిన మళ్లీ పాత దారే పట్టింది.

ఈసారి పరీక్షకు నేనూ తోడు వెళ్లాను. మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలన్న నియమం మాత్రం వదిన ఎన్నడూ తప్పదు. సంచిలో తెచ్చుకుని, సూది తీయగానే మింగింది. సాయంత్రం రిపోర్టు చూసి డాక్టరమ్మ మళ్లీ మోతాదు పెంచబోయింది. వదిన తన చేతుల వంక చూసుకుంది.

"పెంచకండి డాక్టరుగారూ. నేను వారానికి మూడు రోజులే వేసుకుంటాను. పరీక్షకు ముందు పది రోజులు వరసగా వేసుకుని బుద్ధిమంతురాలిలా వస్తాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. మునుపటి తక్కువ మోతాదే రాసి, రోజూ వేసుకుని ఆరు వారాలకు రమ్మంది. ఎందుకు మానేస్తున్నారని అడిగింది. బద్ధకమంటుందని నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"పొద్దున్నే మా ఆడపడుచు టీ తెస్తుందండీ. మాత్ర వేసుకుంటే అరగంట ఆగాలి. అంత ప్రేమగా తెచ్చింది చల్లారిపోతే చిన్నబుచ్చుకుంటుందని ముందు టీ తాగేస్తాను. రోజూ అలారం పెట్టుకుని లేవడం నా వల్ల కాదు."

నాకు సిగ్గేసింది. బయటికొచ్చాక, ఒక్క మాట చెబితే అరగంట ఆలస్యంగా పెట్టేదాన్ని కదా అన్నాను.

"చెబితే అసలు తేవడమే మానేస్తావేమోనని భయమేసింది," అంది వదిన.