గోడల్లేని దర్వాజ

నా చిన్నప్పుడు, కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని తేలిన ఎండాకాలం, అందరూ ఎవరి ఇల్లు వాళ్లే విప్పుకున్నారు. దూలాలు, తలుపులు, దర్వాజలు బండ్లకెక్కాయి. కొత్త చోట ఇల్లు లేవాలంటే ఆ కట్టెలే దిక్కు. మా తాత మాత్రం తన దర్వాజను గడపతో సహా గద్వాలకు తోలించి, బట్టల దుకాణం నడిపే స్నేహితుడి మేడగదిలో నిలబెట్టించాడు. చుట్టూ గోడ లేదు, వెనక ఇల్లు లేదు.

మా తాత బడిలో డ్రాయింగ్ నేర్పేవాడు. ఎక్కడో చదివిన సంగతి ఆయన్ను పట్టుకుని వదల్లేదు. పోలండ్ అనే దేశాన్ని చుట్టుపక్కల రాజ్యాలు మూడు పంచుకున్నాయట. మ్యాపులో దాని పేరే లేకుండా పోయిందట. అప్పుడు క్రాకోవ్ పట్నంలో పాత బట్టల బజారును బాగుచేసి వేడుక చేసుకుంటుంటే, పేరున్న చిత్రకారుడొకడు గోడంత పెద్ద తన బొమ్మను జనానికి ఇచ్చేశాడట. అది చూసి మిగతావాళ్లూ తలా ఒకటి ఇచ్చారట. అలా మ్యాపులో లేని దేశానికి బట్టల బజారు మేడ మీద మ్యూజియం పుట్టిందట. తానొకటి ఇస్తే మా ఊరివాళ్లూ తలా ఒకటి తెస్తారని ఆయన ఆశ.

మా అవ్వకు పోలండుతో పని లేదు. “మరి మనింటికి ఏం పెడ్తవ్? గోనెపట్ట కడ్తవా?” అంది. అన్నట్టే చాన్నాళ్లు మా కొత్త గుడిసెకు గోనెపట్టే వేలాడింది.

ఎవరూ ఏమీ తేలేదు. సెలవు దొరికితే చాలు, తాత నన్ను వెంటబెట్టుకుని ఆ గదిలో కూర్చుని మెట్ల వైపే చూసేవాడు. ఒక శుక్రవారం ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“వాళ్లకు దేశం పోయింది గని ఇండ్లు పోలే గద తాతా. ఇండ్లున్నోళ్లు బొమ్మలిస్తరు. మనోళ్లు ఏమిస్తరు?”

ఇప్పుడడిగినా అదే అంటాను. తాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడే ఊళ్లో మా పక్కింట్లో ఉండిన అక్క మెట్లెక్కి వచ్చింది. కొంగుతో గడప దుమ్ము తుడిచి, కొంగుముడిలోని పసుపు విప్పి, తడిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసింది. కుంకుమ బొట్లు పెట్టింది.

“మా గడప పొయ్యిల పెట్టుకున్నం సారూ,” అంది తలెత్తకుండా. “చానమంది గంతే. ఊర్ల గిదొక్కటే మిగిలింది.”

ఆమె దిగిపోయాక తాత నా వైపు తిరిగాడు. “చూసినవా, ఏం తెచ్చిందో,” అన్నాడు.

తర్వాత శుక్రవారాలు ఒక్కొక్కరే రాసాగారు, చేతిలో చిటికెడు పసుపుతో. తాత పోయాక దుకాణం చేతులు మారింది, మేడ పడగొట్టారు. ఆ దర్వాజ ఏమైందని అడిగితే చెప్పేవాళ్లు లేరు. మ్యూజియమంటే కలకాలం ఉండేదని ఎవరైనా అంటే నేను వాదన పెట్టుకునేది అందుకే.

శుక్రవారం నా ఇంటి గడపకు రాసేటప్పుడు మాత్రం, ఆ గడపక్కూడా అన్నట్టు, గిన్నెలో పసుపు కొంచెం ఎక్కువే తడుపుతాను. నా గడపకు రాయడం అయిపోతుంది. ఆ పసుపు మిగులుతుంది. గిన్నె పట్టుకుని నిలబడతాను.