తాళం వేసిన చర్చి వరండాలో పెళ్లి

కరోనాకు ముందటి ఏడాది వేసవిలో నన్ను చేవెళ్ల పాస్టరేటుకు ప్రెస్బిటరుగా వేశారు. పాస్టరేటు అంటే ఒక పెద్ద చర్చి, దాని కింద చుట్టుపక్కల ఊళ్ల చిన్న సంఘాలు. ప్రెస్బిటరు అంటే అభిషేకం పొంది, బాప్తిస్మం, ప్రభు భోజనం, పెళ్లి జరిపించే అధికారం ఉన్న పాస్టరు. నాకు ముందు అక్కడ పనిచేసిన వాళ్లందరూ మగవాళ్లే. ఊళ్లలో పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తారు. నన్నేమని పిలవాలో తేలక కొన్నాళ్లు ఇబ్బందిపడి, చివరికి పాస్టరమ్మ అన్నారు.

నా కింది సంఘాల్లో ఒకటి ముడిమ్యాల వెళ్లే దారిలో ఉంది. ఊరి పేరు రాయను. తాతల కాలం నుంచి క్రైస్తవులైన కుటుంబాలు. రాతి చర్చి మాల వాడలో ఉంది. మాదిగ వాడ వాళ్లూ అదే చర్చికి వస్తారు, అవే పాటలు పాడతారు, వెనక వరుసల్లో కూర్చుంటారు. ప్రభు భోజనం గిన్నె ముందు వరుసల వాళ్లు తాగాకే వెనక్కి వెళ్తుంది. ఇలా చేయమని ఎవరూ ఎవరికీ చెప్పరు. అలవాటుగా జరిగిపోతుంది. సండే స్కూలు పిల్లలు మాత్రం కలిసే కూర్చుంటారు. పెద్దయ్యి, సంఘం ముందు విశ్వాసం ఒప్పుకుని సభ్యులయ్యాక ఎవరి వరుసకు వాళ్లు పోతారు.

సువార్త ఆ ఊరి అమ్మాయి. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. తండ్రి లేడు. తల్లి మరియమ్మ గులాబీ తోటల్లో పూలు కోసే పనికి పోతుంది. ఇమ్మానియేలు గండిపేట దగ్గర ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. అమ్మాయిది చర్చి ఉన్న వాడ, అబ్బాయిది రెండో వాడ. ఇద్దరూ కలిసి వచ్చి పెళ్లి చేయమని అడిగారు. రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోవచ్చు కదా అన్నాను, వాళ్ల మనసు తెలుసుకోవడానికి.

"అక్కడ చేసుకుంటే దాక్కున్నట్లయితది పాస్టరమ్మా" అన్నది సువార్త.

మా పద్ధతిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి. ఫలానా వాళ్లు పెళ్లాడబోతున్నారు, న్యాయమైన అడ్డంకి ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని. న్యాయమైన అడ్డంకులు కొన్నే. వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం, ముందే పెళ్లయి ఉండటం, ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేకపోవడం. మొదటి ఆదివారం చదివితే ఎవరూ మాట్లాడలేదు. రెండో ఆదివారం దేవసహాయం సారు లేచి నిలబడి తనకు అభ్యంతరం ఉందన్నారు. ఆయన సంఘ కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు, ఆ ఊళ్లో రెండు తరాలకు సండే స్కూలు చెప్పిన మనిషి. కారణం రాసి ఇవ్వమన్నాను. రాయనన్నారు. రాయకపోతే చెల్లదని అక్కడే చెప్పి ఆరాధన కొనసాగించాను.

తర్వాత ఆయన విడిగా వచ్చి కలిశారు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారట. ఈ పెళ్లి చర్చిలో జరిగితే తమ గడప తొక్కే వాళ్లుండరని బాధపడ్డారు. ఆ బాధ నటన కాదు. అయినా నేను ఒప్పుకోలేదు. అప్పుడు గొంతు తగ్గించి అడిగారు.

"ఏమనుకోకుండ్రి పాస్టరమ్మా. మీరు ఎటు దిక్కు?"

నేను బాప్తిస్మం తీసుకున్నదాన్ని అన్నాను. అది కాదు తను అడిగింది అన్నారు. నాకు తెలిసిన జవాబు అదొక్కటే అన్నాను. నాది ఏ వాడో ఆయనకు చెప్పలేదు. చదువుతున్న మీకూ చెప్పను.

ఆ వారంలోనే జిల్లా సూపరింటెండెంటు పిలిపించారు. కొన్ని పాస్టరేట్ల మీద పర్యవేక్షణ ఆయనది, నా పై అధికారి. మంచి మాటలతోనే మొదలుపెట్టారు. బయట మన వైపు చూసే చూపు మారింది, ఇంట్లో నలుగురు కూడి ప్రార్థన చేసుకుంటే ప్రశ్నించే రోజులు, ఇలాంటప్పుడు మనం ఐక్యంగా ఉండాలి అన్నారు. శంకర్‌పల్లిలో ఏదైనా ఫంక్షన్ హాల్లో పెళ్లి కానిచ్చేయమన్నారు. మా నియమాల్లో పాస్టరు పెళ్లి జరిపించాల్సింది ఆరాధన స్థలంలో, పగటిపూట, అందరికీ తెలిసేలా. వేరే చోటికి బిషప్ అనుమతి కావాలి. ఆ అనుమతి తను తెప్పిస్తానన్నారు. నాకు అవసరం లేదన్నాను. బయటివాళ్లు మనల్ని వేరుగా చూస్తున్నారని మీకు కోపం వస్తున్నది కదా, వెనక వరుసల వాళ్లకు ఇన్నేళ్లుగా ఎంత కోపం ఉండాలో ఆలోచించారా అని అడిగాను. ఆయన వెళ్లమని తలూపారు. మూడో ఆదివారం ప్రకటన చదివాను.

పెళ్లి రోజు ఉదయం వెళ్లేసరికి చర్చి తలుపుకు తాళం ఉంది. తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉంటుంది. అబ్బాయి తరఫు వాళ్లు పగలగొడదామన్నారు. నేను వద్దన్నాను. చర్చి మీద చెయ్యి వేశారన్న మాట వాళ్ల మీదకు రానివ్వదలచుకోలేదు. ప్రహరీ లోపలిదంతా ఆరాధన స్థలమే, వరండాలో జరిపిస్తానన్నాను. మరియమ్మ ఇంటికి పోయి దుప్పట్లు తెచ్చి బండల మీద పరిచింది. చిన్న బల్ల ఒకటి పక్కింటి నుంచి తెచ్చి, తెల్లగుడ్డ వేసి, సిలువ పెట్టుకున్నాం.

నేను మొదటి ప్రార్థన ముగించేలోపు దేవసహాయం సారు మరి కొందరితో వచ్చి వరండా మెట్ల దగ్గర నిలబడ్డారు. నాతో మాట్లాడలేదు. పెళ్లికూతురితో మాట్లాడారు.

"బిడ్డా, ఇంకా ఏం కాలేదు. లేచి ఇంటికి పో."

సువార్త మోకాళ్ల మీద నుంచి లేవలేదు. మెల్లగానే మాట్లాడింది, కానీ అందరికీ వినబడింది.

"మాకు ప్రార్థన నేర్పింది మీరే సారూ. ఈయనా నేనూ ఒక్క చాప మీద కూసొని నేర్సుకున్నం. అప్పుడు మమ్ముల ఎందుకు లేపలే?"

సారు వెంట వచ్చిన వాళ్లలో సువార్త పెదనాయన ఉన్నాడు. పిల్ల చెయ్యి అబ్బాయి చేతిలో పెట్టాల్సింది ఆయనే. నేను పేరు పెట్టి పిలిచాను. ఆయన కదలలేదు. మరియమ్మ లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"కన్నది నేను. నేనే పెడత" అన్నది.

పెట్టింది. ఇమ్మానియేలు పుస్తె కట్టాడు. ఆశీర్వాదం గట్టిగా చదివాను. గేటు బయట ఉన్నవాళ్లకు కూడా వినబడాలని చదివాను. దేవసహాయం సారు చివరిదాకా అక్కడే నిలబడి, ఆమెన్ అనకుండా వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం చర్చి తెరిచారు. మరియమ్మ ముందు వరుసకు పోకుండా వియ్యంకుల పక్కన వెనక కూర్చుంది. నేను ప్రభు భోజనానికి ముందూ వెనకా లేకుండా అందరినీ బల్ల చుట్టూ రమ్మన్నాను. కొందరు వచ్చారు. కొందరు లేచి బయటికి నడిచారు. అలా నడిచిన వాళ్లు కొన్ని వారాలకే ఒక షెడ్డు కిరాయికి తీసుకుని వేరే సంఘం పెట్టుకున్నారు. దేవసహాయం సారు వాళ్లతోనే వెళ్లారు. సంఘాన్ని చీల్చానని నా మీద ఫిర్యాదు వచ్చింది.

విచారణ కమిటీ ముగ్గురు పెద్దలది. ఇలా చీలుతుందని ముందే తెలిసి ఉంటే ఆ పెళ్లి చేసేదాన్నా అని అడిగారు. చేసేదాన్ని అన్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకోమన్నాను. రాసుకున్నారు. ఏడాది తిరిగేలోపు, గడువు పూర్తికాకుండానే, నన్ను దూరంగా చిన్న పాస్టరేటుకు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఐక్యంగా ఉండమని ఎవరైనా సలహా ఇస్తే, అందుకోసం నోరు మూసుకోవాల్సింది ఎవరో ముందు కనుక్కోండి. ప్రతిసారీ ఒక్క వైపు వాళ్లే అయితే, ఆ సలహా వినవలసిన అవసరం లేదు.