మృగశిర దాకా నడిచిన గేమింగ్ సెంటర్

కోడుమూరులో కంప్యూటర్ గేమింగ్ సెంటర్ పెడితే నడుస్తుందా అని ఎవరన్నా అడిగితే, మా వీధిలోవాళ్లు నేరుగా నా ఇంటికి పంపిస్తారు. "ఆయప్పను అడుగుప్పా, పెట్టి చూసినోడు" అంటారు. అనేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారని నాకు తెలుసు. నేను గూడా వచ్చినోళ్లకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, మొత్తం కథ చెప్పి పంపిస్తా. ఇంతవరకు విన్నవాళ్లలో ఒక్కరు గూడా సెంటర్ పెట్టలేదు. ఈ ఊరికి నేను చేసిన సేవ ఏమన్నా ఉంటే అదొక్కటే. మీరు గూడా కూర్చోండి. ఇది నిండా మునిగిన కథ, ముందే చెప్తాండా, తర్వాత నన్ను అనొద్దు.

అప్పుడు నాకు ముప్పై ఏండ్లు. కర్నూల్లో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేస్తాంటి. పక్కనే ఒక గేమింగ్ సెంటర్ ఉండె. నీలం లైట్లు, ఎర్ర కుర్చీలు, తెర ముందర రెప్ప వేయకుండా ఆడే కాలేజీ పిల్లోళ్లు. మధ్యాన్నం పూట నేను క్యారియర్ పట్టుకొని, ఆ అద్దాల తలుపు ముందర నిలబడి అన్నం తింటాంటి. దాని ఓనరు పొద్దున వచ్చి కూర్చుంటాడు, సాయంత్రం లేస్తాడు, మధ్యలో ఏ పనీ చేయడు. అట్లాంటి పనికి నాకంటే తగినోడు కర్నూలు జిల్లాలో ఇంకొకడు ఉండడనిపించింది.

ఊర్లో మా ఇంటికి రోడ్డు మీదికి ఒక రూము ఉండాది. సెంటర్‌కు దానికంటే మంచి చోటు లేదు. వచ్చిన చిక్కల్లా ఆ రూము నాది కాదు, నా భార్య సువార్తది. సువార్త మా మేనమామ కూతురు. పెండ్లయినప్పట్నుంచి ఆ రూములో మిషను వేసుకొని జాకెట్లు కుడతాంది. క్రిస్మస్ రోజు మా చర్చిలో కూర్చున్న ఆడవాళ్లలో సగంమంది ఒంటి మీద ఆమె కుట్టినవే ఉంటాయి. టేపు మెడలో ఉంటుంది గానీ దాంతో పెద్ద పని లేదు. మనిషి తలుపులోంచి లోపలికి వచ్చేలోపల కొలత పట్టేస్తుంది. "ఈమె రంజాన్ అయినంక కొంచెం ఒళ్లు చేస్తుంది, లోపల ఒక ఇంచు గుడ్డ వదలాల" అనుకుంటూ కత్తిరిస్తుంది. ఇంతవరకు ఒక్క జాకెట్ గూడా వెనక్కి రాలేదు. అట్లాంటి మనిషి దగ్గరికి పోయి నేను కూర్చున్నా.

"సువార్తా, ఈ రూము నాకియ్యి."

"దేనికి బావా?"

"గేమింగ్ సెంటర్ పెడతా. పిల్లోళ్లు వచ్చి కంప్యూటర్ల మీద ఆటలాడతారు. గంటకింత అని ఇస్తారు."

"సెల్లుల్లో ఆడుకుంటానే ఉండారు కదా, ఊరికెనే."

"సెల్లు వేరు, ఇది వేరు. నీకు అర్థం కాదులే."

ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. ఆమె గూడా గుర్తు పెట్టుకునింది.

సువార్త దారం పంటితో తెంపి, నా తట్టు కొంచెంసేపు చూసింది. జాకెట్ గుడ్డ తక్కువ తెచ్చినోళ్లను అట్లే చూస్తుంది. "ఎప్పుడు తెరుస్తావు?" అనింది.

"ఎండాకాలం సెలవులు ఇస్తానే. అదే కదా సీజను."

"సరే. మిషను నేను వరండాలో వేసుకుంటా. మృగశిర దాకా రూము నీది. మృగశిర వచ్చినంక గూడా జనం వస్తాంటే రూము నీకే, నేను మళ్లా అడగను. రాకపోతే నా రూము నాకియ్యాల."

మా తట్టు గడువు పెడితే తారీకు చెప్పరు, కార్తె చెప్తారు. రోహిణి కార్తెలో ఎండ ముదురుతుంది, మృగశిర వస్తే వానలు పడతాయి, విత్తనాలు వేస్తారు. అందరూ అట్లే మాట్లాడతారు కాబట్టి ఆమె మృగశిర అంటే నాకు ఏ అనుమానమూ రాలేదు. సరేనన్నా. ఇంత సులువుగా ఒప్పుకునిందే అని ఆమె మీద కొంచెం జాలి గూడా పడినా.

కర్నూలు షాపులో పని మానేసి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఐదు కంప్యూటర్లు, ఐదు ఎర్ర కుర్చీలు తెచ్చినా. కంప్యూటర్లు వేడెక్కకూడదని పెద్ద ఏసీ వేయించినా. మా వీధి మొత్తానికి అదొక్కటే ఏసీ. ఈ సంగతి నేను ఎవరికీ గొప్పగా చెప్పలేదు. నా దృష్టిలో అది కంప్యూటర్లకు వేసిన చిన్న సౌకర్యం.

మొదటిరోజు పాస్టరయ్యను ప్రార్థనకు పిలిచినా. కొత్త కొట్టుకు ప్రార్థన అంటే మామూలుగా ఐదు నిమిషాలు. ఆయన టీ గూడా తాగకుండా ఇంకో ఇంటికి పోయే మనిషి. ఆరోజు బయట రోడ్డు మీద తారు కరుగుతాంది. లోపల ఏసీ కింద నిలబడి, కండ్లు మూసుకొని, పాస్టరయ్య సృష్టి ఆరంభం నుంచి మొదలుపెట్టినాడు. బైబిలులోని జనాన్ని ఎర్ర సముద్రం దాటించినాడు. అరణ్యంలో నలభై ఏండ్లు తిప్పినాడు. గంట దాటింది. ఎవరన్నా మధ్యలో దగ్గుతారేమో అని చూస్తే అందరూ తలలు వంచుకొని భక్తిగా నిలబడుండారు. కొంచెం కొంచెంగా ఏసీ దగ్గరికి జరుగుతాండారు గూడా. నా సెంటర్ మీద ఇంత ఆశీర్వాదం దిగుతాందే అని నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. తలుపు దగ్గర నిలబడిన సువార్త మాత్రం ఒక కన్ను తెరిచి అందరినీ చూస్తాండె.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

"ఆడేవాళ్లు మాత్రమే కూర్చోవలెను" అని తలుపుకు బోర్డు తగిలించినా. రెండోరోజు పొద్దున తొమ్మిదికి మొదటి గిరాకీ వచ్చింది. ఓబులప్ప తాత. డెబ్బై దాటిన మనిషి, ఊరి బయట శెనక్కాయ చేను ఉండాది.

"తాతా, ఈడ ఆడేవాళ్లే కూర్చోవాల."

"ఆడతాలేప్పా. ఏముండాదో పెట్టు."

తుపాకుల ఆట పెట్టినా. తెర మీద సిపాయి నిలబడినాడు.

"ఏం చేయాలప్పా దీన్ని?"

"శత్రువులు వస్తారు తాతా. వస్తే కాల్చాల."

"రాకపోతే?"

"వస్తారు."

"వచ్చినప్పుడు చూద్దాంలే" అని కుర్చీ వెనక్కి వాల్చి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. సౌండు వద్దన్నాడు. ఐదు నిమిషాలకు గురక మొదలైంది. ఆయన సిపాయి గోడ పక్కన కదలకుండా నిలబడుండాడు. తాత పొంచి కూర్చున్నాడని నేను అనుకున్నా.

వారం తిరిగేసరికి కుర్చీ ఖాళీ లేదు. పరుపులు కుట్టే మస్తాన్ మామ మధ్యాన్నం నమాజు అయిన వెంటనే వస్తాండె. పాస్టరయ్య కారు రేసు పెట్టమన్నాడు. కారును మొదటి గీత దగ్గరే ఆపుకొని, తెర ముందర బైబిలు పెట్టుకొని చదువుకుంటాండె. వెనకాల కార్లన్నీ రేసు ముగించి ఇంటికి పోయినా ఆయన కారు కదిలేది కాదు. "ఏమయ్యగారూ, నడపరా?" అంటే, "తొందరెందుకు నాయనా" అనె. ఆ మాటలో ఏదో వేదాంతం ఉందని నేను తల ఊపినా.

నిజంగా ఆడేవాళ్లు మా ఊర్లో ముగ్గురు ఉండిరి. డిగ్రీ చదివే సలీం, వాని స్నేహితులు ఇద్దరు. ఒకరోజు సలీం, తాతతో కలిపి పెట్టిన తుపాకుల ఆటలో గెలిచే చోటికి వచ్చినాడు. సరిగ్గా అప్పుడే ఓబులప్ప తాత చెయ్యి నిద్రలో జారి మౌసు మీద పడింది. గోడ పక్కన సిపాయి తుపాకీ పేలింది. సలీం హెడ్‌ఫోన్ తీసినాడు.

"అన్నా, నన్ను కాల్చిందెవరు?"

"ఓబులప్ప తాత."

"ఆయప్ప నిద్రపోతాండాడు కదన్నా."

"నిద్ర కాదుప్పా అది. ఎత్తు."

సలీం హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి లేచిపోయినాడు. మరుసటి రోజు వచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయినాయి. ఆ మరుసటి రోజు గూడా అంతే. మూడోరోజు తలుపు సందులోంచి లోపలికి చూసి, "అన్నా, ఈళ్లలో ఆడేవాళ్లు ఎవరన్నా?" అన్నాడు.

"దుడ్లు ఇచ్చినోళ్లంతా ఆడేవాళ్లే" అన్నా నేను, పెద్ద వ్యాపారస్తుని మాదిరి.

ముగ్గురూ వరండాలో సువార్త దగ్గర కుండలోని చల్లనీళ్లు తాగి, ఆమెతో ఏదో మాట్లాడి, కర్నూలు బస్సు ఎక్కినారు. నేను పట్టించుకోలేదు. ముగ్గురు పోతే నాకేంది, బయట ఇంకా ఆరుగురు నిలబడుండారు.

ఒకరోజు కరెంటు పోయింది. కంప్యూటర్లకు ఇన్వర్టర్ ఉండె, అవి మామూలుగా నడుస్తానే ఉండాయి. ఏసీ ఒకటి ఆగింది. రెండు నిమిషాల్లో ఐదు మందీ లేచి వరండాలోకి పోయి కూర్చున్నారు. కరెంటు వస్తానే మళ్లీ లోపలికి వచ్చినారు. కండ్లకు విశ్రాంతి ఇస్తాండారు, ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధ అనుకున్నా. దేవుడు ఇంతకంటే తెలివిగా నాకు ఎట్ల చెప్తాడు, మీరే చెప్పండి.

సువార్త వరండాలోనే కుడతాండె. తలకు తడిగుడ్డ చుట్టుకొని, చెమటకు సూది జారుతాంటే వేళ్లకు సుద్దపొడి రుద్దుకుంటాండె. చూడలేక ఒకరోజు, "లోపల మూలకు చోటుండాది, మిషను ఆడ వేసుకోరాదూ" అన్నా.

"ఆడేవాళ్లే కూర్చోవాలని బోర్డు పెట్టినావు కదా బావా" అనింది. ముఖంలో నవ్వు లేదు. మిషను ఆపలేదు.

రోహిణి కార్తె వచ్చింది. గిరాకీ ఇంకా పెరిగింది. జనం తలుపు తట్టి తమ వంతు ఎప్పుడో చెప్పించుకుంటాండారు. ఇక ఆగేదెందుకని ఇంకో ఐదు కంప్యూటర్లకు కర్నూలుకు ఫోన్ చేసి చెప్పినా. రూము ఇక నాదే, సువార్తకు వరండా మీద రేకు వేయిద్దామని మనసులో అనుకున్నా. అంత ఉదారంగా ఉండె నా మనసు.

మృగశిర ప్రవేశించిన మూడోరోజు వాన పడింది. మా తట్టు అట్లాంటి వాన ఏడాదికి ఒకసారి చూస్తాం. మట్టి వాసనకు ఊరంతా బయటికి వచ్చి నిలబడింది. మరుసటి రోజు తొమ్మిదికి నేను ఏసీ వేసి, కంప్యూటర్లు వేసి, కూర్చున్నా. తొమ్మిదిన్నర. పది. పదకొండు. బయట చల్లగా గాలి తిరుగుతాంది. లోపల నేనొక్కణ్ణే దుప్పటి కప్పుకునేటట్లు ఉండా.

ఓబులప్ప తాత విత్తనాల మూట భుజాన వేసుకొని రోడ్డు మీద పోతాంటే పరుగెత్తినా.

"తాతా, రావడం లేదేం?"

"యాడికప్పా?"

"సెంటర్‌కు. ఆటకు."

"ఏం ఆట?" అన్నాడు తాత.

నలభై రోజులు ఆడిన మనిషి.

"అదే తాతా, తుపాకీ, సిపాయి..."

"ఓ, ఆ టీవీనా. అది నేను యాడ చూసినాప్పా. సల్లగా కూర్చోనిస్తాంటివి, గంటకింత తీసుకుంటాంటివి. శానా ధర్మంగా నడిపినావు. ఇప్పుడు చేను తడిసింది, పోవాల" అని భుజం తట్టి పోయినాడు.

సరిగ్గా అప్పుడే కర్నూలు నుంచి వ్యాను వచ్చి ఇంటి ముందర ఆగింది. లోపల ఐదు కొత్త కంప్యూటర్లు. నేను వరండా మెట్టు మీద కూలబడినా. సువార్త మిషను ఆపి లేచి, వ్యాను దగ్గరికి పోయింది.

"దించొద్దప్పా. వెనక్కి తీసుకుపో" అనింది డ్రైవరుతో.

"అట్ల కుదరదమ్మా."

"కుదురుతుంది. అట్టపెట్టె విప్పకుంటే వెనక్కి తీసుకుంటారని మొదటి బిల్లు వెనకాల రాసిండారు. నేను చదివినా. మీ షాపుకు ఫోన్ చేసి అడుగు."

వాడు ఫోన్ చేసినాడు. వ్యాను వెనక్కి పోయింది. ఆ బిల్లు వెనకాల ఏదో రాసిండాదని నాకు ఆరోజు దాకా తెలియదు.

సువార్త వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చునింది.

"నీకు ముందే తెలుసా?" అన్నా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పాస్టరయ్య ప్రార్థన అప్పట్నుంచి."

"మరి చెప్పొచ్చు కదా."

"నాకు అర్థం కాదులే అంటివి. ఎండల్లో రూము అడిగింటే, నడిచే సెంటరును నేను ఆపినానని జీవితమంతా చెప్తాంటివి బావా. ఆ మాట అన్నేండ్లు వినేదానికంటే నలభై రోజులు వరండాలో కుట్టుకునేది సులువు అనుకున్నా."

మా కాపురం కొలత గూడా ఆమె తలుపు దగ్గర నిలబడే తీసుకునిందని అర్థమయింది. ఎక్కడ ఎంత గుడ్డ వదలాలో తెలిసిన మనిషి. అప్పట్నుంచి సువార్త అంటే నాకు ప్రేమతో పాటు కొంచెం భయం గూడా ఉండాది. దాన్ని గౌరవం అంటారని తర్వాత తెలిసింది.

ఆరోజే మిషను లోపలికి పోయింది. మూడు కంప్యూటర్లు ఆమె చెప్పిన ధరకు అమ్మినాం. రెండు మూలకు పెట్టి సలీంకు ఫోన్ చేయించింది. వాళ్లు ముగ్గురూ ఇప్పటికీ వస్తారు, వాళ్లను చూసి ఇంకో నలుగురు. కాబట్టి సెంటర్ నడుస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: ఒక మూల నడుస్తుంది, మిగతా రూములో వేరే పని ఉంటే.

మరుసటి ఎండాకాలం సువార్త తలుపుకు కొత్త బోర్డు తగిలించింది. "కుట్టించుకునేవాళ్లు మాత్రమే కూర్చోవలెను." నా ఎర్ర కుర్చీలు, నా ఏసీ. ఓబులప్ప తాత ఆ ఎండాకాలంలో నాలుగు జేబు బనియన్లు కుట్టించుకున్నాడు. పాస్టరయ్య చర్చికి కిటికీ తెరలన్నీ కొత్తవి కుట్టించి, ఒక్కొక్కటి దగ్గర కూర్చొని పర్యవేక్షించినాడు. ఏ సరుకు అమ్ముడుపోతాందో నాకు తెలియకుండా నేను అమ్మినా, ఆమె తెలిసి అమ్మింది.

ఒక మధ్యాన్నం అదంతా చూసి నాకు మనసు నిండిపోయింది. రూము మధ్యలో, సరిగ్గా ఏసీ ఎదురుగా నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకొని అందరి ముందర ప్రమాణం చేసినా. ఇకమీదట ఏ వ్యాపారం మంచిచెడ్డలైనా మృగశిరకు ముందు లెక్కగట్టనని, "నీకు అర్థం కాదులే" అనే మాట ఈ జన్మలో మళ్లీ అననని, నా భార్య మాట దాటి ఒక్క కుర్చీ గూడా కొననని.

ఓబులప్ప తాత తల ఊపినాడు. పాస్టరయ్య ఆమెన్ అన్నాడు. సువార్త నోట్లోని గుండుసూది తీసి, నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసింది.

"ఏసీ ఆపి చెప్పు బావా" అనింది.