చెయ్యి కలిపిన ఆదివారం

భర్త సమాధి మీద మట్టి ఆరకముందే మరిది దానియేలు రాహేలమ్మ సామాను వీధిలో పడేసి, ఇంటికి తాళం వేసుకున్నాడు. అప్పటినుంచి ఆమె రేపల్లెలో చెల్లెలి పంచన ఉంటూ, తెనాలి కోర్టులో పేదలకు ఉచితంగా కేసులు చూసే లాయరు సింధు దగ్గరికి ఇంటి కేసు కోసం తిరిగేది. చెప్పులు గది బయట విడిచి, వరినాట్ల నీళ్లలో నాని పాసిన వేళ్లు కొంగులో దాచుకుని, బెంచీ అంచున ఒదిగి కూర్చునేది. "సరిగ్గా కూర్చోండి పిన్నీ, బెంచీకి అద్దె లేదు" అని సింధు వేళాకోళమాడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. తీరా సాక్ష్యం చెప్పాల్సిన రోజున రాలేదు. కేసు కొట్టేశారు. అంతకుముందు ఆదివారం చర్చిలో, పగ ఉన్నవాళ్లు చేతులు కలిపాకే ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలని పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే చెబితే, దానియేలు అందరి ముందూ "క్షమించు వదినా" అంటూ చెయ్యి చాచాడట. గొడవ అక్కడితో తీరిపోయిందనుకుంది ఆమె. అతను మాత్రం తాళం తియ్యలేదు.

సంగతి తెలిసిన సింధు రేపల్లె బస్టాండులో ఆమెను పట్టుకుని, "కేసు మళ్లీ తెరిపిద్దాం పిన్నీ, మీరు వేలిముద్ర వేస్తే చాలు" అని బతిమాలింది.

"వద్దమ్మా," అంది రాహేలమ్మ. "మళ్లీ కోర్టుకెక్కితే, ఆరోజు ప్రభువు ముందు చెయ్యి కలిపింది ఉత్తుత్తిదేనని నేనే ఒప్పుకున్నట్టవుద్ది. ఇల్లు ఎటూ పోయింది. అది కూడా పోతే, ఇంకేం పెట్టుకుని బతకనమ్మా?"