శుక్రవారం గడప దాటిన బంగారు చేప

మొన్న కళ్లద్దాల నంబరు మారిందేమోనని పంజాగుట్టలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. పిలుపు కోసం కూర్చున్న చోట గోడకు ఆనించి ఒక గాజు తొట్టి ఉంది. అందులో తలమీద ముద్దబంతి పువ్వు పెట్టుకున్నట్టుగా, తోకను చీర కుచ్చిళ్లలా పరుచుకుని ఒక బంగారు చేప తిరుగుతోంది. లోపలివాళ్లు నన్ను పిలిచి పిలిచి విసిగిపోయారట, నాకు వినబడలేదు. కళ్లతోపాటు చెవులూ చూపించుకోమని డాక్టరు సలహా ఇచ్చాడు. ఆయనకేం తెలుసు, నేనప్పటికే మధురానగర్‌లో మేము కొత్తగా కాపురం పెట్టిన అద్దె ఇంటికి చేరుకున్నానని.

అప్పటికి మెట్రో లేదు. అమీర్‌పేటలో తలెత్తితే ఆకాశం కనిపించేది, తల దించితే కంప్యూటరు కోర్సుల కరపత్రం చేతిలో పడేది. నేను పంజాగుట్టలో ఒక బట్టల కొట్లో పనికి పొద్దున పోతే చీకటిపడే వేళకు తిరిగొచ్చేవాణ్ణి. మా ఆవిడది సిరిసిల్ల. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషికి మా గది నిశ్శబ్దం జ్వరంలా పట్టుకుంది. ఆమె దిగులు చూడలేక ఒకనాడు అమీర్‌పేట కొట్లో ఒక ఒరాండా చేపను, దానికి తగిన తొట్టిని కొనుక్కొచ్చాను. ఒరాండా అంటే ఇందాక చెప్పిన ముద్దబంతి తల చేపే. మాది ఎంత బొద్దుగా ఉండేదంటే, బస్సులో కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టబోయాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని బతిమాలితే వదిలేశాడు. నమ్మినవాళ్లు నమ్మండి.

ఆ చేప వచ్చాక ఇంట్లో మాటలు పుట్టాయి. మా ఆవిడ బియ్యం ఏరుతూ దానికి మా అత్తగారింటి సంగతులన్నీ చెప్పేది. నాకు ఇప్పటికీ తెలియని సంగతులు కొన్ని ఆ చేపకు తెలుసు. అంత ప్రేమ కాబట్టే దానికి లోటు చేయకూడదనుకుంది. వాళ్లింట శుక్రవారం వస్తే దేవుడి సామాను చింతపండుతో తోమి తళతళలాడించడం ఆనవాయితీ. ఇత్తడి దీపాలతోపాటు తొట్టిలోని గులకరాళ్లు కూడా చింతపండు స్నానం చేసేవి. గాలి బుడగలు వదిలే స్పాంజిని తెల్లబడేదాకా పిండి, తొట్టిని అద్దంలా తుడిచి, కుళాయి నీళ్లు అప్పటికప్పుడు నింపేది. చూసినవాళ్లు మెచ్చుకునేవారు, ఒక్క చేప తప్ప. అది రెక్కలు ముడుచుకుని మూలకు చేరేది. తర్వాత పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. ఆకలి కాబోలనుకుని ఆవిడ ఇంకాస్త మేత వేసేది. అది తినక మిగిలిన మేత అడుగున కుళ్లేది. దిష్టి తగిలిందని నిమ్మకాయ, మిరపకాయలు కట్టాం. చేప వాటివంక చూడను కూడా లేదు.

ఒక శుక్రవారం నేను పని నుంచి వచ్చేసరికి చేప పక్కకు ఒరిగి ఉంది. ఆవిడ తొట్టి ముందు కూర్చుని ఉంది, ఏడుపు అయిపోయిన ముఖంతో.

“గిది పోతే నన్ను మా ఊర్ల దింపిరా. గీ ఇంట్ల నాతోని మాట్లాడెటిది గిదొక్కటే,” అంది.

పక్క వాటాలో కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను పిన్నిగారు అనేవాణ్ణి, మా ఆవిడ చిన్నమ్మ అనేది. వాళ్లింట్లో పెద్ద తొట్టి ఉండేది. అడుగున మడ్డి, గోడలకు పాచి. గుమ్మం బయటినుంచే దాన్ని చూసి మా ఆవిడ ముక్కు చిట్లించేది గానీ, అందులో చేపలు మాత్రం పెళ్లివారిలా తిరిగేవి. పరుగెత్తి వెళ్లి సంగతి చెప్పాను.

“వారం వారం కడుగుతున్నారా? ఇంకేం బతుకుతుంది, బాబూ. పాలు తోడుకోవాలంటే పాత పెరుగు చుక్క ఉండాలా వద్దా? నీళ్లూ అంతే. మీరు తోడంతా కడిగి పారబోస్తున్నారు,” అన్నారు పిన్నిగారు.

అయితే మీ తొట్టి నీళ్లు ఒక బిందెడు ఇప్పించండి అన్నాను. ఆవిడ దేవుడి గదివైపు చూసి నొచ్చుకున్నారు. “రేపు పొద్దున్నే పట్టుకెళ్లు. శుక్రవారం, దీపం పెట్టేశాను. ఇప్పుడు ఇంట్లోంచి ఏదీ బయటికివ్వను.”

“పిన్నిగారూ, అవి మురికి నీళ్లు.”

“మురికైతే మాత్రం, మా ఇంటివి కాదూ?”

రేపటిదాకా చేప ఆగదని నాకు తెలుసు. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడ్డాను. ఇంతలో వెనక నీళ్ల చప్పుడయింది. మా ఆవిడ బకెట్‌లో చేపను పెట్టుకుని వస్తోంది. అంతవరకూ ఆ గడప తొక్కి ఎరగదు.

“ఇయ్యొద్దు గనీ చిన్నమ్మా, రావొద్దని లేదు గద. శుక్రారం పూట బంగారమసొంటిది మీ ఇంట్లకొస్తున్నది. వద్దంటరా?”

పిన్నిగారు నవ్వేశారు. “ఓసి నీ తెలివి. కుడికాలు ముందు పెట్టి రా,” అన్నారు. బకెట్‌కు కుంకుమబొట్టు పెట్టి, తమ తొట్టి నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా బకెట్‌లో కలుపుతూ చేపకు అలవాటు చేసి, ఆఖరుకు తమ తొట్టిలోకి వదిలారు. ఆడవాళ్లిద్దరూ ఆ తొట్టి ముందే కూలబడ్డారు, కాకినాడ కబుర్లూ సిరిసిల్ల కబుర్లూ కలగలిశాయి. నాకు అన్నం పెట్టే ఊసే లేదు.

మర్నాడు వెళ్లి చూస్తే మా ముద్దబంతి మూతితో గులకరాళ్లు కెలుకుతోంది. చేప అట్లా వెతుక్కుంటుంటే ఒంట్లో బాగున్నట్టేనని అప్పుడే తెలిసింది. ఇక తిరిగివ్వడం దగ్గర వచ్చింది చిక్కు. మంగళవారం పంపకూడదు, అమావాస్య నాడు అసలే పంపకూడదు, శుక్రవారం వచ్చిన లక్ష్మిని పిన్నిగారు ఏ వారం పంపుతారు? మా ఆవిడ రోజూ మధ్యాహ్నం చేపను చూసే వంకతో వెళ్లేది. కొన్నాళ్లకు వంక అక్కర్లేకపోయింది. చేప అక్కడే ఏళ్ల తరబడి బతికింది. బల్కంపేట బోనాలకు పిన్నిగారు మా ఆవిడ వెంట నడిచారు, మా అమ్మాయికి తొలి స్నానం ఆ చేతులే పోశాయి. ఊరికి పోతానన్న మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. ఆ తల్లి రుణం ఏ జన్మకు తీరుతుందో నాకు తెలియదు. తీరకపోయినా బాగానే ఉంటుంది.

ఆ ఇల్లు పడగొట్టి హాస్టలు కట్టారు. పిన్నిగారూ లేరు. ఇప్పుడు మాది అపార్ట్‌మెంటు. చేపకు నలతగా ఉంటే ఫోనే మందు చెబుతుంది, తోడుపెరుగు కావాలన్నా నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. సుఖంగానే ఉన్నాం, కాదనను. మా ఆవిడ మాత్రం శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదనే పట్టింపు పిన్నిగారి దగ్గర నేర్చుకుని నేటికీ పాటిస్తోంది. పాటించడం ఏమంత కష్టం కాదు. అడగడానికి ఎవరూ రారు.